ఎడమ పెడలు

మా వీధికి వచ్చే బస్సును ఎత్తేసిన రోజున వీధంతా కలిసి తిట్టిపోసింది. నేనొక్కడినే తిట్టలేదు. నలుగురిలో ఉన్నాను కాబట్టి తల ఊపాను కానీ, లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. ఆ బస్సు లేకపోతే మా అత్తగారు తన చిన్నకూతురి ఇంటికి వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, గోడ గడియారమూ. ఆ గడియారం కూడా రోజుకు ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది.

నేను కాటాలు బాగుచేస్తాను. దుకాణాల్లో తూకం తప్పితే నన్ను పిలుస్తారు. వీధిలో అందరూ నన్ను తక్కెడ అంటారు. ఈమధ్య పిల్లలు తక్కెడ తాతయ్య అంటున్నారు, అది వేరే బాధ. యాభై ఎనిమిదేళ్ళకే తాతయ్యేమిటి? ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి, బరువెంతో పిసరు తేడా లేకుండా చెప్పగలనని నాకు పేరు. ఆ పేరు మీద నాకు కొంచెం గీర కూడా ఉంది, దాచడమెందుకు.

మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నేనూ అత్తగారూ నేరుగా మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే అరచేయంత కాగితం చాలు. మా ఇద్దరి మధ్యా మా ఆవిడ ఉండేది. అత్తగారు మూడడుగుల దూరంలో కూర్చుని ఉండగానే "మీ అమ్మ మందు వేసుకుందా?" అని మా ఆవిడనే అడిగేవాడిని. "వేసుకున్నానని చెప్పు మీ ఆయనకి" అనేది అత్తగారు. "నేనేమైనా తపాలా బంట్రోతునా?" అని మా ఆవిడ విసుక్కునేది, మళ్ళీ ఆ కబురు అందించేది. ముగ్గురమూ నవ్వుకునేవాళ్ళం. ఇంట్లో మాటలన్నీ ఆమె గుండానే పోయి రావాలి. ఆమె పోయాక నేను ఈ గదిలో, అత్తగారు ఆ గదిలో. మధ్యలో మాట మోసేవాళ్ళు లేరు.

పొద్దున్నే నా చొక్కా మడత మంచం మీద ఉండేది. మధ్యాహ్నం భోజనం మూత పెట్టి బల్ల మీద ఉండేది. నేను తిన్నాక వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించేది. ఆవిడ తినేది కూడా అప్పుడే అని గ్రహించడానికి నాకు మూడు నెలలు పట్టింది. రమ్మని పిలుద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఏమని పిలవాలో తెలియలేదు. ఒక మనిషికి ఇంత చిన్న పని చేతకాకపోవడం సిగ్గుచేటు. కానీ చేతకాలేదు.

బస్సు పోయిన నెల తిరక్కుండానే మెట్ల కింద నుంచీ, అటకల మీద నుంచీ, గోడ వారల నుంచీ వీధిలోని పాత సైకిళ్ళన్నీ బయటికొచ్చాయి. అవసరం మనిషికి అన్నీ నేర్పుతుంది. జుట్టు కత్తిరించే ఆయన తన షాపు కుర్చీని రెండు చక్రాల మీదకెక్కించి సైకిలు వెనక కట్టాడు. తలకాయలు తన దగ్గరికి రాలేకపోతే తానే తలకాయల దగ్గరికి పోతానన్నాడు. లెక్కల టీచరమ్మ రెండు సైకిళ్ళను పక్కపక్కన బిగించి మధ్యలో బల్ల వేసి, ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకుని బడికి వెళ్ళేది. మలుపు తిరగాలంటే మాత్రం నలుగురూ దిగాల్సిందే. ఇస్త్రీ చేసే మొగుడూ పెళ్ళాలు చంటిపిల్లల స్నానం తొట్టికి చక్రాలు పెట్టి మూటలు లాగారు. ఖర్చు పూజ్యం, నవ్వులు బోలెడు. నేను గుమ్మంలో నిలబడి అన్నీ చూసేవాడిని. నాకు వెళ్ళాల్సిన చోట్లన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. ఇంకెక్కడికీ వెళ్ళాలని కూడా లేదు.

ఆదివారం ఆదివారం మా మరదలు ఇంటి ఫోనుకి చేసేది. ఆమె ఉండేది ఇరవై రెండు కిలోమీటర్ల అవతల. "అమ్మని ఇక్కడికి పంపించు బావా, ఇంకా ఎన్నాళ్ళని నీ మీద భారం?" అనేది. నేను "నాకేం భారం" అని నసిగి ఫోను అత్తగారికి ఇచ్చేవాడిని. ఆవిడ ప్రతిసారీ ఒకటే మాట అనేది.

"బస్సు లేదుగా తల్లీ, ఎలా వస్తాను?"

ఆ మాట అని, నా వైపు ఒకసారి చూసి, పెద్దగా నిట్టూర్చేది. నేను గోడ వైపు చూసేవాడిని.

నాలుగో ఆదివారం ఆ నిట్టూర్పు నాకు గుచ్చుకుంది. నాకు తెలిసిన పని తూచడం, కాబట్టి దాన్నీ తూచాను. చిన్నకూతురి మీద బెంగ అని తేల్చాను. ముసలావిడకి వెళ్ళాలని ఉంది, బస్సు లేక నా ఇంట్లో చిక్కుకుపోయింది. నేనేమో ఆ బస్సు పోయినందుకు లోపల సంతోషిస్తున్నాను. ఛీ అనిపించింది. ఉండమని నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఆవిడ కాదంటే? కూతురే లేని ఇంట్లో నాకేం పని నాయనా అంటే? ఆ జవాబు వినే ధైర్యం నాకు లేదు. ఇష్టం లేని మనిషిని దారి లేదన్న వంకతో కట్టిపడేసేవాణ్ణి మాత్రం కానని నాకు నేనే గొప్పగా చెప్పుకున్నాను. అద్దె కారు వాడిని అడిగితే, వాడు చెప్పిన ధరకి కారే కొనుక్కోవచ్చనిపించింది. అందుకని బండి నేనే తయారుచేస్తానన్నాను.

"ఏం బండి?" అంది అత్తగారు. చాలా రోజుల తర్వాత ఆవిడ నన్ను నేరుగా అడిగిన ప్రశ్న అది.

"రెండు సైకిళ్ళు కలిపి ఒకటి. ముందు నేను, వెనక మీరు."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. "సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

మెట్ల కింద రెండు సైకిళ్ళున్నాయి. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. ఆమె ఇరవయ్యేళ్ళు దాని మీదే బడికి వెళ్ళి గుమాస్తా పని చేసింది. దాని హ్యాండిల్‌కి ఆమె చుట్టిన నీలం గుడ్డ అలాగే ఉంది. రెండింటినీ నడిపించుకుంటూ వెల్డింగు షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన నాది వెనక సగం కోసేశాడు. మా ఆవిడ సైకిలు ముందు చక్రం దగ్గర మంట పెట్టబోయి ఆగాడు.

"ఇది మీ ఆవిడది కదూ తక్కెడా? కొయ్యమంటావా?"

నేను హ్యాండిల్‌కున్న నీలం గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, మా అత్తగారు షాపు గుమ్మంలో నిలబడి ఉంది.

"కొయ్యి నాయనా. తుప్పు పట్టి పోవడం కన్నా అదే నయం" అంది. మంట చూడలేక కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. నేను మంట వైపే చూశాను. కళ్ళు నీళ్ళు కారినా మంట వల్లే అనుకుంటారని.

అతుకులు పడ్డాక మిగతా పనంతా ఇంటి ముందు నేనే చేసుకున్నాను. వారం పట్టింది. ఇద్దరి పెడళ్ళూ కలిసి తిరగాలంటే రెండింటినీ ఒక చైనుతో ముడిపెట్టాలి. కుడి పక్కన ఎప్పుడూ ఉండే చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది, కాబట్టి ఈ రెండో చైను ఎడమ పక్కన రావాలి. సైకిలుకి ఎడమ పక్కన పళ్ళ చక్రం ఉండదు. పాత ఇనుము కొట్టుకి వెళ్ళి రెండు సైకిళ్ళ కుడి పక్క పళ్ళ చక్రాలు, వాటి ఇనప చేతులతో సహా ఏరుకొచ్చాను. వాటినే ఎడమ పక్కకి బిగించాను. ఎడమ పెడళ్ళు వాటికి ఎక్కలేదు, కుడి పెడళ్ళే ఎక్కాయి. కాలు పెట్టుకోవడానికేగా, ఏ పక్కదైతే ఏమిటి అనుకుని అవే బిగించాను. నా జీవితంలో చూసిన మరలన్నీ కుడికి తిప్పితే బిగుసుకునేవే. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పానా తిప్పాను.

అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండేది. మామగారికి సైకిలు షాపుండేది. ఈవిడ ముప్పై ఏళ్ళు ఆ షాపులో కూర్చుని పంక్చర్లు వేసింది, వంకర చక్రాలు సరిచేసింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆవిడని ఒక్క ముక్క అడగలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పెడళ్ళు బిగించిన సాయంత్రం ఆవిడ లేచి వచ్చి, వెనక ఎడమ పెడలు మీద చెయ్యి వేసి ఒకసారి తిప్పింది. మర మొదట్లో వేలితో తడిమింది. ఏదో అనబోయింది.

"ఏం, నచ్చలేదా?" అన్నాను. నా గొంతులో కొంచెం కారం ఉందనుకుంటాను.

"బాగుంది" అని వెళ్ళిపోయింది.

వీధి చివరి దాకా పోయి వచ్చి చూశాం. వీధంతా చప్పట్లు కొట్టింది. మలుపులో దిగనక్కర్లేదని తెలిసి లెక్కల టీచరమ్మ ముఖం చిన్నబోయింది. నాకు చాలా గర్వమేసింది. దిగాక అత్తగారు చీర సర్దుకుంటూ "అయితే ఎప్పుడు బయల్దేరడం?" అంది.

"వచ్చే ఆదివారం" అన్నాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు నేను వారం రోజులు చెమటోడ్చి మరీ నూరాను.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. ఆవిడ సామానంతా ఒక గుడ్డ సంచీలో పట్టింది. ఇరవై రెండేళ్ళ కాపురానికి ఒక సంచీ. సంచీని నా హ్యాండిల్‌కి తగిలించాను. చేత్తో ఎత్తగానే తెలిసింది, ఆరు కిలోలకి కొంచెం తక్కువ.

"మీరు ఊరికే కాళ్ళు పెట్టుకోండి. తొక్కక్కర్లేదు. నేను లాగుతాను" అన్నాను.

"అలాగే నాయనా."

ఇలాంటి బండి మీద ముందున్నవాడికి వెనకున్నవాళ్ళు కనపడరు. పెడళ్ళు కలిసే తిరుగుతాయి కాబట్టి వాళ్ళు తొక్కుతున్నారో లేదో కూడా తెలియదు. మూసేసిన దుకాణాల ముందు నుంచి, బస్సులు రాని బస్టాపు ముందు నుంచి, గోదాముల గోడల పక్క నుంచి పోతున్నాం. ఏదైనా మాట్లాడాలని ఒకటే తపన. రోడ్డు బాగుందన్నాను. బాగుందంది. ఎండ ఇంకా రాలేదన్నాను. రాలేదంది. అలా ఎనిమిది కిలోమీటర్లు గడిచాయి.

రైలు పట్టాల మీద వంతెన వచ్చింది. చాలా ఎత్తు. ఇటు నుంచి ఎక్కినా అటు నుంచి ఎక్కినా ఒకటే ఎత్తు. పడుచువాళ్ళు కూడా దిగి తోసుకుపోయే చోటు. మేం ఆగకుండా ఎక్కేశాం. పైకి వచ్చాక నాకు ఒళ్ళు పొంగిపోయింది.

"చూశారా? మీ నలభై ఎనిమిది కిలోలూ లాక్కుంటూ కూడా ఎక్కడా ఆగలేదు."

"చూశాను" అంది వెనక నుంచి. ఆవిడ రొప్పుతోంది. భయపడి రొప్పుతోందనుకున్నాను.

వంతెన దిగి, ఇంకో మూడు కిలోమీటర్లు పోయాక, కాలువ మీద చిన్న కల్వర్టు దగ్గర వెనకాల ఠంగుమని శబ్దమైంది. బ్రేకు వేశాను. తిరిగి చూస్తే ఆవిడ ఎడమ కాలు పైకెత్తి పెట్టుకుని నిబ్బరంగా కూర్చుని ఉంది. రోడ్డు మీద పది గజాల వెనక పెడలు పడి ఉంది.

నేను వెళ్ళి తీసుకొచ్చాను. మర నున్నగా ఉంది, ఎక్కడా విరగలేదు. దానంతట అదే విప్పుకుని వచ్చేసింది. నేను అంత గట్టిగా బిగించింది! నాకేం అర్థం కాలేదు. ఆవిడ దిగి, కల్వర్టు గోడ మీద కూర్చుని, పెడలు నా చేతిలోంచి తీసుకుంది.

"నీది కూడా చూసుకో, సగం ఊడే ఉంటుంది."

వేలితో తిప్పి చూశాను. నిజమే, మూడు చుట్లు బయటికి వచ్చేసి ఉంది.

"ఎడమ పెడలుకి ఎదురు మర ఉంటుంది నాయనా. ఎడమకి తిప్పితే బిగుసుకునేది. మామూలు మర వేస్తే తొక్కే కొద్దీ వదులవుతుంది. ఏ పెడలు ఎక్కకపోతే ఆ పక్కకి అది పనికిరాదనే అర్థం. నువ్వు కుడివి తెచ్చి ఎడమకి పెట్టావు."

"మీకు ముందే తెలుసా?"

"బిగించిన రోజే తెలుసు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసి కూడా చెప్పరా? జోరుగా పోతున్నప్పుడు ఊడి పడిపోతే?"

"నేనెందుకు పడతాను? వదులవుతోందని వంతెన దగ్గర్నుంచీ పాదానికి తెలుస్తూనే ఉంది. కాచుకునే ఉన్నా."

"అసలెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?" అంది. గొంతు పెంచలేదు. "ముప్పై ఏళ్ళు సైకిలు షాపులో కూర్చున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇది ఎలాగత్తయ్యా అని ఒక్కసారైనా అడిగావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అత్తని."

ఆవిడ పెడలుని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో మర మీది మట్టి తుడుస్తూ కూర్చుంది. కాలువలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఒక పాత టైరు సగం మునిగి కనిపిస్తోంది.

"ఊడితే వెనక్కి తిప్పుతావనుకున్నా. అందుకే చెప్పలేదు. వీధిలో తిరిగిన రోజే ఊడుతుందనుకున్నా. నువ్వు మరీ గట్టిగా బిగించావు."

"వెనక్కా? మీకు వెళ్ళాలని ఉందనుకున్నాను కదా. ప్రతి ఆదివారం ఫోనులో అంత నిట్టూర్చారు?"

ఆవిడ నన్ను అలా చూసింది, కాస్త జాలిగా, కాస్త చిరాగ్గా. మా ఆవిడ సరిగ్గా అలాగే చూసేది.

"నువ్వు వింటున్నావనే నిట్టూర్చాను. బస్సు లేదుగా అంటే, పోనీలెండి ఉండండి అంటావని. బస్సు లేదంటే నువ్వు ఏకంగా బస్సే తయారుచేశావు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం కల్వర్టు మీద కూర్చుని కాసేపు పిచ్చివాళ్ళలా నవ్వాం. మధ్యలో మాట మోసేవాళ్ళెవరూ లేకుండా మేం నవ్వుకోవడం అదే మొదటిసారి. నవ్వు ఆగాక నాకు ఏడుపు ముంచుకొచ్చింది. లేచి, బండిని ఇంటి వైపు తిప్పాను.

"ఉండండి అత్తయ్యా. వెళ్ళొద్దు. ఇంట్లో నాకు ఏం తోచడం లేదు. మీరు అవతలి గదిలో తిరుగుతుంటే ఆ చప్పుడు వింటూ నిద్రపోతాను. మీరు పోతే నేను ఉండలేను."

అనేశాను. పద్నాలుగు నెలలుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట, ఊరి బయట ఒక కల్వర్టు దగ్గర బయటపడింది.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ ఆ గదిలో కూర్చున్నా" అంది. "బండి తయారైందని చెప్పాక గురువారం చిన్నది మళ్ళీ ఫోను చేసింది. నువ్వు పనికి పోయావు. మీ తోడల్లుడికి నడుముకి ఆపరేషనైంది, మంచం మీద ఉన్నాడు. అది ఉద్యోగానికి పోవాలి, మనిషిని చూసుకునేవాళ్ళు లేరు. వస్తానని మాటిచ్చేశాను. నా మీద ఆశతో అది సెలవు కూడా వదులుకుంది. రేపు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాలి. ఇప్పుడు ఎలా రాను, చెప్పు?"

"ఎన్నాళ్ళు?"

"ఏమో నాయనా. ఆయన లేచి నడవాలి. తర్వాత అది పంపాలి. ఏమో."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. గురువారం కన్నా ముందు ఏ రోజైనా సరే, మూడే మూడు మాటలు చాలునట. బండిని మళ్ళీ అటు తిప్పాను.

రేకు డబ్బా ముక్క ఒకటి వెతికి, ఆవిడ చెప్పినట్టు మరలో దూర్చి నా పెడలు బిగించాను. వెనకది కూడా బిగించబోతే ఆవిడ ఇవ్వలేదు. దాన్ని గుడ్డ సంచీలో వేసుకుంది.

"ఒక కాలితో సరిపెట్టుకుంటా. ఇది నా దగ్గరుంటుంది. సరైన మర వేయించుకుని వచ్చి చూపించు, అప్పుడు దీన్ని పారేస్తా."

మా మరదలు ఇల్లు రెండో అంతస్తులో. తోడల్లుడు పడుకునే మూలుగుతూ పలకరించాడు. ఆ గదిలోనే కిటికీ కింద అత్తగారికి కొత్త దుప్పటితో మంచం వేసి ఉంది. మరదలు తల్లిని కావలించుకుని ఏడ్చింది. "బండంటే ఇదేనా బావా?" అని కిటికీలోంచి చూసి నోరు వెళ్ళబెట్టింది. నేను టీ తాగాను. గోడ గడియారం సరిగ్గా నడుస్తోంది. ఇక కూర్చోవడానికి వంక దొరకలేదు.

గుమ్మం దాకా వచ్చి అత్తగారు "వేళకి తిను" అంది. ఎవరి గుండానో కాదు, నాకే చెప్పింది.

తిరుగు ప్రయాణంలో ఎండెక్కింది. నేను తొక్కుతుంటే వెనక పెడలు కూడా తిరుగుతూనే ఉంది. ఒక పక్క పెడలుంది, ఒక పక్క వట్టి ఇనప చెయ్యి. దాని మీద కాలు లేదు, అయినా తిరుగుతోంది. రెండుసార్లు వెనక్కి చూసి, ఇక చూడకూడదనుకున్నాను. చూడకపోయినా చైను చప్పుడు వినిపిస్తూనే ఉంది. దారిలో ఒకడు "మాస్టారూ, వెనకాయన పడిపోయాడేమో చూసుకోండి" అని నవ్వాడు. ఇంకో రోజైతే నాలుగు తగిలించేవాణ్ణి.

వంతెన దగ్గరికొచ్చాను. వెళ్ళేటప్పుడు ఆగకుండా ఎక్కిన ఎత్తే. ఇప్పుడు వెనక నలభై ఎనిమిది కిలోలు లేవు, ఆరు కిలోల సంచీ లేదు. బండి తేలికవ్వాలి. కానీ పావు వంతు ఎక్కేసరికి తొడలు పట్టేశాయి. సగానికి ఊపిరి అందలేదు. బండి ఆగిపోయింది. దిగి, హ్యాండిల్ మీద తల ఆనించి నిలబడ్డాను.

అప్పుడు అర్థమైంది. వచ్చేటప్పుడు ఈ ఎత్తు నేను ఎక్కించలేదు. తొక్కక్కర్లేదని నేను గొప్పగా చెప్పినా, ఆ డెబ్భై రెండేళ్ళ మనిషి వెనక కూర్చుని, నా కంట పడకుండా, మాట అనకుండా, ఇంటి దగ్గర్నుంచీ తొక్కుతూనే ఉంది. పైకి రాగానే రొప్పింది అందుకే. నేను లాగానని డప్పు కొట్టుకుంటే "చూశాను" అంది, అంతే.

ఎంత బరువైనా చేత్తో చెప్పేస్తానని పేరు పడ్డవాణ్ణి నేను. పద్నాలుగు నెలలు ఆ ఇంటిని నేనొక్కడినే లాక్కొస్తున్నానని లెక్క వేసుకున్నాను. మంచం మీద చొక్కా, బల్ల మీద భోజనం, రోజూ సాయంత్రం వాటంతట అవే వెలిగే దీపాలు. నా అంత తప్పుడు కాటా ఈ లోకంలో ఇంకోటి ఉండదు. వంతెన మీద దాకా బండిని తోసుకుంటూ వెళ్ళాను. అవతల పక్క దిగడానికి కూడా ఎక్కబుద్ధి కాలేదు.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. తాళం తీశాను. బల్ల మీద మూత పెట్టిన పళ్ళెం ఉంది. పొద్దున్నే ఎప్పుడు వండిందో, ఎప్పుడు సర్దిందో నేను చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తింటున్నంతసేపూ వంటింట్లో గిన్నెల చప్పుడు కోసం చెవి ఒగ్గుతూనే ఉన్నాను. రాదని తెలుసు. తిన్న పళ్ళెం నేనే కడిగాను. ఆవిడ గది తలుపు వెయ్యలేక తెరిచే ఉంచాను.

మర్నాడు పొద్దున్నే బండిని నడిపించుకుంటూ వెల్డింగు షాపుకి వెళ్ళాను. ఎదురు మర సంగతి చెప్పగానే ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"నాతో ఒక్క మాట అంటే చెప్పేవాడిని కదయ్యా!"

"అడగలేదు" అన్నాను.

"సరే, ఎడమ పక్క బొక్క పూడ్చి కొత్తగా ఎదురు మర కోస్తాను. ముందుదానికి చాలుగా? పెద్దావిడ వెళ్ళిపోయిందటగా. నడిపేది నువ్వొక్కడివే. వెనకది వదిలెయ్, రెండో దానికి దండగ."

నేను వెనక సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మా ఆవిడ సీటు, మా అత్తగారు కూర్చున్న సీటు. దుమ్ము ఉంటే తుడిచాను.

"వెనకదే ముందు వెయ్" అన్నాను. "ఆదివారంలోగా కావాలి. వెళ్ళి చూపించాలి."